ఎప్పటికీ వద్దన్న పేరు

అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఆయనకు ఇరవై ఏళ్లుగా ఒకటే అలవాటు. తెలియని మాట కంటపడితే ముందు కొట్టేయడం, తర్వాత అడగడం. ఆ అలవాటే ఆయన కొంప ముంచింది.

భార్యతో విడిపోయాక కోర్టు ఆయనకు శనివారం నాలుగింటికి అరగంట ఇచ్చింది. కూతురితో కంప్యూటర్‌లో ముఖం చూసి మాట్లాడవచ్చు. ఫోన్ చేయకూడదు, ఆ గడప తొక్కకూడదు. తొమ్మిదేళ్ల పిల్ల. ఆ అరగంట కోసమే మిగతా వారమంతా ఈడ్చుకొచ్చేవాడు.

ఒక శనివారం ఆ మాట్లాడుకునే ప్రోగ్రామ్ తనంతట తానే కొత్త రూపానికి మారింది, పేరుతో సహా. కంప్యూటర్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ తెర మీద చిన్న పెట్టె చూపించి, ఫలానాది బయటికి పోతానంటోంది, పోనివ్వనా అని అడిగింది. ఆ పేరు ఆయన ఎన్నడూ వినలేదు. కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివి, 'ఎప్పటికీ వద్దు' నొక్కాడు. ఇక అరగంటసేపు తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

భార్యే కావాలని పిలుపు ఎత్తడం లేదనుకున్నాడు. ఎవరినైనా అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. రెండో వారం అనుమానం వచ్చి, అనుమతుల జాబితాలో ఆ పేరు చేర్చాడు. మూడో వారం మళ్లీ మళ్లీ చేర్చాడు. చక్రం ఆగలేదు.

నాలుగో శనివారం, సంగతి ఆ ఉదయమే అక్క చెప్పగా తెలిసి, బావమరిది వచ్చాడు. కంప్యూటర్లు బాగుచేసే పని అతనిది. అక్క వదిలేసినా అతను బావను వదల్లేదు. జాబితా చూసి నవ్వబోయి ఆగిపోయాడు.

"ఏంటి బావా ఇది? ఒకే పేరుని ఐదుసార్లు పోనిమ్మన్నావు. పైన నువ్వే వద్దన్నావు కదా. ఇందులో వద్దన్నదే నెగ్గుతుంది."

"నేనా?"

"తేదీ చూడు. ఆ మొదటి శనివారం, నాలుగు గంటల ఒక నిమిషం."

బావమరిది ఆ నియమం తీసేశాడు. పిల్ల మూడు వారాలూ తల దువ్వించుకుని కుర్చీలో కూర్చుందని, నాన్న రాడా అని అడగడం మానేసిందని మెల్లగా చెప్పాడు.

నాలుగింటికి పిలుపు అందింది. తెర వెలిగింది. ఎదురుగా ఖాళీ కుర్చీ. పక్క నుంచి పిల్ల గొంతు మాత్రం వినిపించింది.

"నేను లేనని చెప్పమ్మా."

తల్లి కాసేపు బతిమాలింది. తర్వాత తలుపు మూసుకున్న చప్పుడు.

తప్పు తనదేనని ఆయన ఆ కుర్చీకే చెప్పాడు, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ. బావమరిది కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నాలుగున్నరకు తెర ఆరిపోయింది.