మూడు శుక్రవారాల ఉపవాసం

వంజరం చేప ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి పక్కన పెట్టాక గానీ మిరియంకి గుర్తు రాలేదు, తాను ఇక్కడికి కథ రాయడానికి వచ్చిందని. చేతులు కడుక్కుని గదిలోకి పోదామనుకుంది. కానీ అప్పటికే పులుసుకు చింతపండు నానేసి ఉంది. నానిన చింతపండును వదిలేసి పోగలిగే చేతులు కావవి. పదిహేనేళ్ళ కాపురం వాటికి ఆ విద్య నేర్పలేదు.

పూండి స్టేషన్ నుంచి ఆటోలో అరగంట. రెండేళ్ళ కిందటి తుపానుకు తలలు తెగిన కొబ్బరిచెట్ల మధ్య, సముద్రానికి ఎదురుగా పాత మిషన్ బంగళా. పిల్లల పుస్తకాలు వేసే సంస్థ ఒకటి దాన్ని నెలరోజులకు తీసుకుని ముగ్గురు రచయితలను పిలిచింది. మంచం, బల్ల, తిండి వాళ్ళవి. ముప్పై రోజుల్లో తలో పుస్తకం రాసివ్వాలి. మిరియం కాక మిగతా ఇద్దరూ మగవాళ్ళే. తారకేశ్వరరావు రిటైరైన హెడ్మాస్టరు, సీతారాం బ్యాంకు ఉద్యోగి. ఇవాళ ఇరవైనాలుగో రోజు. సీతారాం పుస్తకం పూర్తిచేసి రెండోది మొదలుపెట్టాడు. మిరియం పుస్తకంలో ఉన్నవి నాలుగంటే నాలుగు పేజీలు. ఆ కథలో నౌపడ ఉప్పుమడిలో చందమామ జారిపడ్డాడు, కరిగిపోయేలోగా పిల్లలు పైకి తీయాలి. తీసేవాళ్ళు లేక పాపం ఆయన మూడు వారాలుగా ఆ మడిలోనే నానుతున్నాడు.

ఇంట్లో అయితే అన్నం ఉడికేలోగా రాసేది. మొగుడు స్కూలు నుంచి తెచ్చే మిగిలిపోయిన కాగితాల మీద, పొయ్యిగట్టు మీదే. కుక్కరు ఎంత వ్యవధి ఇస్తే కథ అంత. ఇక్కడ బల్ల ఉంది, గడియ ఉన్న తలుపు ఉంది, కావలసినంత నిశ్శబ్దం ఉంది. అయినా తెల్లవారుజామున నాలుగున్నరకల్లా లేచి కూర్చుని ఎవరైనా పిలుస్తారేమోనని చెవులు రిక్కిస్తుంది. ఎవరూ పిలవరు. కథా రాదు. "కాకీ నక్కా కథలకి నెల్రోజులేటి? సూద్దాం, ఏటి రాసి తెత్తావో" అన్నాడు బయల్దేరే రోజు మొగుడు వరప్రసాదు, తిన్న కంచంలోనే చెయ్యి కడిగేసుకుంటూ. "ఎల్లమ్మా, పొయ్యికాడ నానుంటాను. మోకాళ్ళు పోతే పోతాయి" అంది అత్త. సమయం దొరక్క రాయలేకపోతున్నానని పదిహేనేళ్ళు తనకు తాను చెప్పుకుంది మిరియం. దొరికాక కూడా రాయలేకపోతే ఇంక ఏమని చెప్పుకోవాలి?

వంటావిడ రత్నాలమ్మ కూతురి పురుడని ఆరు రోజుల కిందట వెళ్ళింది. "రెండ్రోజులు బిస్కెట్లతో సర్దుకుందాం" అంటూ తారకేశ్వరరావు మిరియం వైపే చూశారు. ఆ చూపు ఆవిడ ఎరగనిది కాదు. లేచి వెళ్ళి గరిటె పట్టుకుంది. నిజం చెప్పొద్దూ, ప్రాణం హాయిగా అనిపించింది. తెల్లకాగితం ముందు కూర్చోనక్కర్లేదు గదా. ఆ హాయి తలుచుకుంటేనే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

పులుసు దించుతుండగా వాకిట్లో ఆటో ఆగింది. దిగింది కాంతమ్మ, వెనకాల ఇంకో ఇద్దరు. టెక్కలిలో తమ చర్చి స్త్రీల సమాజానికి కాంతమ్మ పెద్ద. పలాసలో ఇరవయ్యేళ్ళు జీడిపిక్కలు కొట్టి, ఆ జీడికి వేళ్ళు నల్లబడిపోయిన మనిషి.

"దేవుడికి స్తోత్రం! బాగున్నావా తల్లీ!" అంటూ వచ్చి కావలించుకుంది.

"నాకేటయింది కాంతమ్మక్కా?"

"ఏటయిందంటావేటి? ఇల్లొదిలి ఎల్లిపోనావు గదా. మీ ఆయనే సదివినాడు."

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవుల చీటీలు చదివేది సంఘ కార్యదర్శి. ఆ కార్యదర్శి వరప్రసాదే. జ్వరాలకు, పరీక్షలకు, ఉద్యోగాలకు చీటీలు చదివి, చివర్న తనదీ ఒకటి చదివాడట. 'ఇల్లు విడిచి వెళ్ళిన మన సోదరి మిరియం మనసు మారి తిరిగి రావాలని ప్రార్థించండి.' అది విన్న సంఘానికి ఇంకేం అర్థమవుతుంది? స్త్రీల సమాజం శుక్రవారం శుక్రవారం ఉపవాసం పట్టింది. ఇది మూడోది. సాయంత్రం పాసింజరుకు మిరియంను వెంటబెట్టుకుపోవాలని పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చారు.

మిరియంకి తల కొట్టేసినట్టయింది. మొన్న బుధవారం ఫోన్లో "సంఘమంతా నీ గురించే అడుగుతున్నారు" అన్నాడతను. తన పుస్తకం గురించి కాబోలనుకుని, టెలిఫోన్ బూతు నుంచి బంగళా దాకా నవ్వుకుంటూ నడిచింది పిచ్చిది.

కాంతమ్మ వంటింట్లోకి తొంగిచూసింది. "ఎవులికమ్మా ఇంత వంట?"

"ఇద్దరు సార్లున్నారక్కా. వంటావిడ లేదని..."

కాంతమ్మ గిన్నె వైపు చూసింది, గరిటె వైపు చూసింది, మిరియం కొంగుకంటిన పసుపు వైపు చూసింది.

"ఇంటికాడా ఇదే, ఇక్కడా ఇదేనేటి? దీనికోసరమేటి ఇల్లొదిలినావు? దీనికోసరమేటి మేం మూడు శుక్రారాలు కడుపులు మాడ్సుకున్నది?"

తిట్టలేదావిడ. నిజంగానే అర్థంకాక అడిగింది. మిరియం పొయ్యి పక్కనే కూలబడి ఏడ్చింది. పదిహేనేళ్ళలో ఎవరైనా చూస్తుండగా ఏడవడం అదే మొదలు. కాంతమ్మ ఆ నల్లటి వేళ్ళతో వీపు నిమురుతూ కూర్చుంది.

కాసేపటికి మిరియం లేచి మూడు కంచాలు కడిగి వేసింది. "ఉపవాసం విడవండక్కా."

"నువ్వు వత్తానంటేనే."

"నాను తప్పిపోలేదక్కా. రాసుకోడానికొచ్చినాను. రాసినాకే వత్తాను. తినండి."

ఆకలి ఆకలే. ముగ్గురూ కంచాల ముందు కూర్చున్నారు. గిన్నెలో మెతుకు మిగలకుండా వడ్డించింది, చేప తలతో సహా. గుమ్మంలోకి తారకేశ్వరరావు వచ్చి ఖాళీ గిన్నెల వంక చూశారు.

"అమ్మా, మాకు..."

"అయిపోయింది మాస్టారూ. బియ్యం ఆ డబ్బాలో ఉన్నాయి" అంది మిరియం. తల మాత్రం దించలేదు.

గదిలోకి వెళ్ళి కాగితం చింపి దాని మీద నాలుగు మాటలు రాసి తెచ్చింది. మడిచి కాంతమ్మ చేతిలో పెట్టింది. "ఆదివారం మనవుల పెట్టెలో వెయ్యక్కా."

"మీ ఆయనే గదమ్మా సదవాల?"

"ఆయనే సదవాలి. అందరికీ ఇనపడేటట్టు."

ఆటో కదిలాక తలుపు గడియ పెట్టుకుని బల్ల ముందు కూర్చుంది. కథ వస్తుందో రాదో ఇప్పటికీ తెలీదు. చీటీలో మాత్రం తెలిసిందే రాసింది: 'మిరియం పుస్తకం పూర్తి కావాలని సంఘం ప్రార్థించవలెను. అది పూర్తయితే ఇంటికి వస్తుంది. కాకపోతే రాదు.'