వెనక సీటు కుడి మూల

బ్రేకు మీద కాలు పెట్టి బటన్ నొక్కాలి, బటన్ నొక్కి కాలు పెట్టడం కాదు, నిన్న బోనిఫేస్ పదిసార్లు చెప్పాడు, బ్రేకంటే ఎడమవైపుది, వెడల్పుగా ఉండేది, తర్వాత గేరు వెనక్కి లాగాలి, లాగి మెల్లగా, మెల్లగా ఓగా, నిద్రపోతున్న పిల్ల పక్కనుంచి లేచినట్టు కాలు ఎత్తాలి అన్నాడు, అయ్యగారూ అన్నట్టు పద్దెనిమిదేళ్ళుగా ఓగా అనే పిలుస్తాడు డ్రైవరు బోనిఫేస్, ఇప్పుడా ఓగా, అంటే యాభై మూడేళ్ళ ఒబియాజులు, అసాబా ఎండలో నల్లకోటు తొడుక్కుని నిలబడి పరీక్ష గది ముందు కుర్రాడిలా ఆ పాఠం వల్లె వేసుకుంటున్నాడు, ఇరవై ఆరు యాక్షన్ సినిమాల హీరో, గేట్లు బద్దలు కొట్టుకుంటూ కార్లు తోలే హీరో, దారిలో కనబడితే జనం చేతులు గాల్లో తిప్పి నోటితో బండి మోత చేసి చూపించే హీరో, కారు నడపడం రాని హీరో, ఆ చివరి ముక్క తనకీ బోనిఫేస్‌కీ తప్ప నైజీరియాలో ఇంకో మనిషికి తెలీదు, ఇంకో పది నిమిషాల్లో అందరికీ తెలిసేట్టుంది. ఎదురుగా ఆ కారు, ఎవరో చీఫ్ గారిని బతిమాలి తెచ్చిన నల్లటి జర్మన్ సెడాన్, దాని తలుపులో తన మొహం తనకే కనబడుతోంది, ఈ కారే మీరు వేసే ఆ మనిషి అంకుల్ అంది డైరెక్టర్ ఉఫువోమా మొదటిరోజు, లాగోస్ నుంచి వచ్చిన పిల్ల, ముప్పై నిండలేదు, పల్లీలు నములుతూ పెద్ద పెద్ద మాటలు చెబుతుంది, చూడండి, మెరుపుంది గానీ మోత లేదు, నల్లద్దాలు, వాడు అందర్నీ చూస్తాడు, వాణ్ణి ఎవరూ చూడలేరు, మరక పడనివ్వడు, నాలుగు తలుపులున్నా ఎక్కేది ఒక్కడే, పెళ్ళాం చచ్చిపోయాక వాడెవణ్ణీ నమ్మడు, అందుకే స్టీరింగు ఇంకొకడి చేతికివ్వడు, కాబట్టి డూపు వద్దు, కట్ వద్దు, మీరు మెట్లు దిగుతారు, కారెక్కుతారు, డ్రోన్ కిందికి దిగి ముందద్దంలోంచి మీ కళ్ళు పట్టుకుంటుంది, మీరు గేటు దాటిపోతారు, అంతా ఒకే షాట్, ఏమంటారు, ఏమంటాడు, అద్భుతం అన్నాడు, ఫోను మోగి రెండేళ్ళయిన మనిషి అద్భుతం అనక ఇంకేమంటాడు, ఈ వేషం జారిపోతే ఇక మిగిలేవి హీరో తండ్రి వేషాలే.

అసలు ఎప్పుడు నేర్చుకోవాలి, ఒనిత్షాలో బస్సు తలుపుకి వేలాడుతూ ఆబా ఆబా అని బస్సు పోయే ఊరి పేరు అరిచే కండక్టరుగా ఉన్నప్పుడు స్టీరింగు ముట్టుకుంటే డ్రైవరు చెయ్యి విరిచేవాడు, మొదటి సినిమా ఆడగానే పెద్దమనిషైపోయాడు, ఇక్కడ పెద్దమనిషి బండి తోలడు, వెనక సీటులో కుడి మూల కూర్చుంటాడు, దానికి ఓనర్ మూల అనే పేరుంది, పెద్దమనిషి తనే తోలుకొస్తే డ్రైవరుకి ఒంట్లో బాలేదా అని పరామర్శ చేస్తారు, సినిమాల్లోనా, అదెంత పని, దగ్గరి షాట్లలో నలుగురు మనుషులు బంపరు పట్టుకుని ఊపుతారు, చెట్లు వెనక్కి పోతున్నట్టు కనబడ్డానికి ఒకడు తాటిమట్ట పుచ్చుకుని అద్దం పక్కన అటూ ఇటూ పరిగెడతాడు, దూరం షాట్లలో హీరో కోటే తొడుక్కుని బోనిఫేస్ తోలతాడు, హీరోకి నడుంనొప్పి అని బోనిఫేసే అందరికీ చెప్పి పెడతాడు, ఎన్ని నడుంనొప్పులో, ఈ వారం మూడు రోజులు పొద్దున్నే ఫుట్‌బాల్ మైదానం వెనక నేర్పాడు పాపం, మూడోరోజు ఒబియాజులు ముప్పై గజాలు తిన్నగా పోనిచ్చాడు కూడా, ఎదురుగా పడుకున్న మేక ఒకసారి ఇటు చూసి, తొందరేం లేనట్టు లేచి పక్కకి పోయింది.

రోలింగ్ అన్నారు, జెనరేటరు ఆపేశారు, యాక్షన్, మెట్లు దిగుతున్నాడు, అడుగులు తెలిసిన అడుగులే, కోటు గుండీ పెట్టుకోవడం, గేటు వైపొక చూపు, పెళ్ళాన్ని పోగొట్టుకున్న మొహం, అది బానే వస్తోంది, బ్రేకు, బటన్, గేరు, బ్రేకు, బటన్, గేరు, నెత్తిమీద డ్రోన్ జుమ్మంటోంది, కారు దగ్గరకొచ్చేసింది, చెయ్యి తలుపు మీద పడింది, తలుపు తెరుచుకుంది, కూర్చున్నాడు, తోలు సీటు చల్లగా తగిలింది, తలుపు మెత్తగా మూసుకుంది, అబ్బ ఎంత హాయిగా ఉంది, కాలు చాపుకునేంత చోటు, ఇంక బోనిఫేస్ ఎక్కడికి ఓగా అని అడగడమే తరువాయి అనుకున్నాడు, అనుకుని బ్రేకు కోసం కాలితో వెతికాడు, కాలికి కార్పెట్ తగిలింది, స్టీరింగు కోసం చూశాడు, ముందు సీటు వీపు కనిపించింది, వెనక సీట్లో, కుడి మూల, ఎవణ్ణీ నమ్మని హీరో ఓనర్ మూలలో దర్జాగా కూర్చుని, డ్రైవరు లేని కారు కదలాలని ఎదురుచూస్తున్నాడు, ముందద్దం బయట డ్రోన్ కదలకుండా నిలబడి చూస్తోంది.

ఎవరో కిసుక్కుమన్నారు, కట్ అని అరిచింది ఉఫువోమా, అంకుల్ ఏంటిది, అక్కడెందుకు కూర్చున్నారు అంటూ వచ్చేస్తోంది, ఆమెకంటే ముందే బోనిఫేస్ పరిగెత్తుకొచ్చాడు, అరవైకి దగ్గరపడ్డ మనిషి, రొప్పుతూ, తప్పు నాది మేడమ్, తాళం వెనక సీట్లో మర్చిపోయాను, ఓగా దాన్ని తియ్యడానికే కూర్చున్నారు, పైగా పొద్దుట్నుంచీ నడుంనొప్పి, తిట్టేదేదో నన్ను తిట్టండి అంటున్నాడు, ఉఫువోమా అతన్ని తిట్టింది కూడా, బుర్ర ఉందా లేదా నీకు, సూర్యుడు నీ చుట్టమా ఆగడానికి అంది, బోనిఫేస్ తల వంచుకుని సారీ మేడమ్ సారీ మేడమ్ అంటూనే ఉన్నాడు, అది చూడలేకపోయాడు ఒబియాజులు, అద్దం దించాడు, ఆగమ్మా, ఇక్కడ తాళమూ లేదు నా నడుముకి నొప్పీ లేదు, నాకు కారు నడపడం రాదు, ఎప్పుడూ రాలేదు, ఆ ఇరవై ఆరు సినిమాల్లో తోలింది ఇతనే అన్నాడు. అనేశాడు. పిడుగు పడుతుందని చూశాడు, పడలేదు, కెమెరా దగ్గర ఒకాయన మాత్రం, అయితే నేను ఏడు సినిమాలు తాటిమట్ట పట్టుకుని పరిగెత్తింది ఇందుకా అన్నాడు, అందరూ గొల్లుమన్నారు, ఒబియాజులుకీ నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగేంత నవ్వు, ఊపిరి పొట్ట అడుగుదాకా దిగింది, అలా దిగి ఎన్నేళ్ళయిందో, హీరో తండ్రి వేషాలైతే అవే వెయ్యొచ్చు, అదేమంత పాపం అనిపించింది.

ఉఫువోమా నవ్వలేదు, కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది, అంకుల్, వాడు వెనక కూర్చోడు, ఆ మూల విలన్‌ది, అది మాత్రం మార్చను అంది, సరే ముందు కూర్చుంటాడు, పక్కన, అన్నాడు ఒబియాజులు, మరి తోలేదెవరు, ఎవణ్ణీ నమ్మడని చెప్పానుగా అంది, ఒక్కణ్ణి నమ్ముతాడమ్మా, ఒక్కణ్ణే, అన్నాడు, ఏదో పెద్ద ఆలోచన చేసి అన్నది కాదు, నోటికొచ్చింది అన్నాడు, ఆ పిల్ల పల్లీలు నమలడం ఆపింది, ఎవడూ లేనివాడి కంటే ఒక్కడున్నవాడికే పోగొట్టుకునేది ఉంటుంది, కారులో ఇంకో సీటు నిండితే ప్రేక్షకుడికి ఆ సీటు కోసం భయమేస్తుంది అని తనలో తనే అనుకుంటూ బోనిఫేస్‌ని ఎగాదిగా చూసింది, నా మొహం పడుతుందా మేడమ్, మా ఆవిడకి ఓ మాట చెప్పుంటే మంచి చొక్కా పంపేది అన్నాడతను, మళ్ళీ నవ్వులు, మళ్ళీ జెనరేటరు ఆగింది, మళ్ళీ మెట్లు దిగాడు, ఈసారి ముందు తలుపు, బోనిఫేస్ పక్కన, ఇన్నేళ్ళూ మెడ వెనక భాగమే చూశాడు ఇతనిది, నేర్చుకున్న మూడు రోజులూ కళ్ళు స్టీరింగు మీదే, కణత దగ్గర మచ్చ ఉందని ఇప్పుడే చూస్తున్నాడు, బండి కదిలేముందు పెదవులు ఏదో ప్రార్థన చదువుతాయని ఇప్పుడే చూస్తున్నాడు, కారు చప్పుడు లేకుండా గేటు దాటింది, ఎవణ్ణీ నమ్మని మొగాడి వేషం ఇరవై ఆరుసార్లు వేశాడు, వేసిన ప్రతిసారీ తన గుట్టూ తన పరువూ ఈ మనిషి చేతిలో పెట్టి ఇంటికెళ్ళి గుర్రుపెట్టి నిద్రపోయాడు.