బల్లపరుపు చోటు

తక్ మున్‌హ్వాన్ ఆ బుధవారం పొద్దున్నుంచి నాలుగోసారి బానెట్ ఎత్తాడు. ఆయిల్ కొలిచే పుల్ల లాగి, తుడిచి, లోపలికి దింపి, మళ్ళీ లాగి చూసి, కారు చక్రాన్ని కాలితో ఒక్క తన్ను తన్నాడు. చక్రానికేం కాలేదు, ఆయన కాలి వేలే వాచింది.

సంగతేమిటంటే, మూడు రోజులుగా ఎత్తు ఎక్కేటప్పుడు ఆయన టాక్సీకి గేరు పట్టడం లేదు. ఇంజను గోల పెడుతుంది, బండి కదలదు. కాసేపటికి ఎవరో వెనకనుంచి తోసినట్టు ఒక్కసారిగా ముందుకు ఉరుకుతుంది. బుసాన్ కొండ రోడ్ల మీద ఇరవై ఆరేళ్ళుగా సొంత టాక్సీ నడుపుతున్నవాడికి ఇది తెలియని రోగం కాదు. గేరుపెట్టెలో ఆయిల్ సంగతి చూడాలి. కొండ కింద మెకానిక్ మాత్రం మొన్ననే చేతులెత్తేశాడు.

"ఇన్నేళ్ళూ మార్చలేదు కదన్నా, ఇప్పుడు ముట్టుకోకు. కొత్త ఆయిల్ పోస్తే ఉన్న గేర్లు కూడా పోతాయి."

"ముట్టుకోకపోతే?"

"అప్పుడూ పోతాయి. కాకపోతే నా చేతిలో పోవు."

మున్‌హ్వాన్‌కి ఒళ్ళు మండిపోయింది. అక్కడే రెండు డబ్బాల ఆయిల్ కొని కొండెక్కేశాడు. ఎక్కుతుండగా బండి రెండుసార్లు నిలబడిపోయింది. ఇంకోసారి దిగితే మళ్ళీ పైకొస్తుందన్న నమ్మకం పోయింది.

మామూలు రోజైతే ఇంత కంగారు ఉండేది కాదు. రేపు దేశమంతటా పిల్లలు కాలేజీ ప్రవేశ పరీక్ష రాస్తారు. ఎదురింటి హేజు కూడా రాస్తోంది. ఎనిమిదీ పదికల్లా బడి గేటు లోపల లేకపోతే ఇంకో ఏడాది ఆగాల్సిందే. వాళ్ళమ్మ చీకటితోనే ఆసుపత్రి వంటింట్లో పనికి పోతుంది కాబట్టి, పిల్లను నేను దింపుతానని మున్‌హ్వాన్ మాటిచ్చాడు. ఆ మాట నిన్నో మొన్నో ఇచ్చింది కాదు, హేజుకి పాలపళ్ళు ఊడుతున్నప్పుడు ఇచ్చింది. ఏటా ఈ పరీక్ష రోజున ఆలస్యమైన పిల్లల్ని ఉచితంగా ఎక్కించుకుని గేటు దగ్గర దించడం ఆయనకు అలవాటు. తన బండెక్కిన పిల్లల్లో ఒక్కరూ గేటు బయట మిగల్లేదని వీధిలో నలుగురికీ చెప్పుకుంటాడు. అడగనివాళ్ళకు కూడా చెబుతాడు.

అందుకే ఈ తంటా అంతా. ఇంజను వేడెక్కాక, అది నడుస్తుండగానే, గేరు మీటను అన్ని చోట్లకీ ఒకసారి తిప్పి తెచ్చి, అప్పుడు పుల్ల లాగాలి. అవన్నీ చేశాడు. బండి ముక్కు ఎత్తువైపు పెట్టి చూస్తే ఆయిల్ తక్కువ చూపించింది. అరలీటరు పోశాడు. ఇంకా తక్కువే. ఇంకో అరలీటరు పోశాడు. అనుమానమొచ్చి బండిని తిప్పి, ముక్కు పల్లానికి పెట్టి చూస్తే గుర్తు దాటి రెండు వేళ్ళు పైకుంది. నేల సమంగా లేకపోతే ఆ పుల్ల చెప్పేదంతా అబద్ధమే. మున్‌హ్వాన్‌కి ఆ సంగతి తెలుసు. తెలిసి ఏం లాభం, ఆ పేటలో గోళీ పెడితే నిలిచే చోటు లేదు.

ఉంది, ఒక్కటే. కొండవాలు పేట కాబట్టి రోడ్డుకు కిందివైపు ఇళ్ళ పైడాబాలు సరిగ్గా రోడ్డు ఎత్తుకే వస్తాయి, కార్లు వాటి మీదే పెట్టుకుంటారు. అందులో బల్లపరుపుగా ఉన్నది ప్యో గప్‌సున్ ముసలమ్మ డాబా. అక్కడ చోటు తనకివ్వకుండా బియ్యం కొట్టువాడి వ్యానుకిచ్చిందని మూడేళ్ళుగా ఆయన ఆవిడను పలకరించడం లేదు. పోయి పోయి ఆవిడ్నే అడగాల్సి వచ్చింది. మెట్లు దిగుతున్నంతసేపూ ఆయనకు ఏడుపొక్కటే తక్కువ.

"అక్కా, వ్యాను బయటికెళ్ళినట్టుంది. పావుగంట బండి పెట్టుకోనా?"

"మాటలొచ్చాయే నీకు," అంది గప్‌సున్. "మూడేళ్ళూ గొంతు నొప్పేమో అనుకున్నా. పెట్టుకో. డాబా మీద మరకలు పడ్డాయో, నాలుకతో తుడిపిస్తా."

డాబా మీద పుల్ల మొదటిసారి నిజం చెప్పింది. దాదాపు లీటరు ఎక్కువుంది. అంటే పొద్దున ఆయిల్ తక్కువే లేదు. పోసిందంతా దండగ, పైగా చేటు. మున్‌హ్వాన్ తనను తాను పచ్చిగా తిట్టుకుంటూ సన్నటి గొట్టం దింపి, సిరంజితో కొంచెం కొంచెం లాగి డబ్బాలోకి వదలసాగాడు. గంట పట్టింది. నడుం పట్టేసింది. ఆఖరికి ఆయిల్ గుర్తుకు సరిగ్గా వచ్చి ఆగింది.

"హమ్మయ్య, సరిపోయింది," అన్నాడు.

ఎప్పుడు పైకొచ్చిందో, గప్‌సున్ ఆ పుల్ల లాక్కుని, తెల్ల కాగితానికి తుడిచి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ముప్పై ఏళ్ళు బజార్లో చేపముద్దలు వేయించి అమ్మానయ్యా. నూనె పనైపోతే కన్ను కంటే ముందు ముక్కుకి తెలుస్తుంది. ఇది మాడిపోయింది. కొలత సరిగ్గా ఉంటే మాత్రం ఏం చేసుకుంటావు?"

కాగితం మీద మరక కాఫీ రంగులో ఉంది. ఎర్రగా ఉండాల్సింది. ఆ వాసన పొద్దున్నుంచీ తన చేతులకు ఉంది. ఇన్నిసార్లు పుల్ల తీసి ప్రతిసారీ ఎంతుందనే చూశాడు గాని, ఎలా ఉందో చూడలేదు. చూస్తే ఒప్పుకోవాల్సి వస్తుందని చూడలేదు.

దీపాలు పెట్టేవేళకు ఎదురింటి తలుపు కొట్టాడు. హేజు తీసింది, చేతిలో పుస్తకంతోనే.

"అమ్మా, రేపు నా బండిలో వద్దు. దారిలో ఆగిపోవచ్చు. ఇంకో టాక్సీ మాట్లాడి పెడతాను, నాకు తెలిసినవాడే."

హేజు తల దించుకుంది.

"వద్దులే బాబాయ్. నేను బస్సులో వెళ్దామనుకున్నా. పోయిన వారం రెండుసార్లు ఎక్కి చూసొచ్చా. ఇరవై రెండు నిమిషాలు పడుతుంది."

"మరి నాతో ఒక్క మాట అనలేదే?"

"అమ్మ చెప్పొద్దంది. మీరు చిన్నబుచ్చుకుంటారని." పుస్తకం మూసి, "మూడు రోజులుగా రాత్రిళ్ళు కూడా మీ ఇంజను అరుస్తోంది కదా, నాకు నిద్ర పట్టలేదు. రేపు మధ్యలో ఆగిపోతే మిమ్మల్ని ఏమీ అనలేను కూడా," అంది.

మున్‌హ్వాన్‌కి కోపమొచ్చింది. ఆ పిల్ల మీద కాదు, వాళ్ళమ్మ మీదా కాదు. పరీక్ష పెట్టుకుని ఇంతపిల్ల మూడు రాత్రులు కూర్చుని, తనను ఎలా నొప్పించకుండా ఉండాలా అని ఆలోచించింది. అదీ తను చేసిన సాయం.

"బస్సులోనే వెళ్ళు," అన్నాడు. "ఈ రాత్రికి ఇంజను స్టార్ట్ చేయన్లే. పడుకో."