మోకాలు ఒప్పుకునే క్లచ్

కారు నాది. ఆర్సీ మీద పేరు నాది, పెట్రోలు పోయించేది నేను, తోలేది నేను. అయినా గుంటూరు ఆటోనగర్‌లో మెకానిక్ గౌస్ బాషా మా ఆయన ముఖం చూసి, "క్లచ్‌కి ఏమైంది సార్?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఆయన్నెందుకండీ అడగడం? స్కూటీ తప్ప ఇంకేదీ తోలడం రాదాయనకి," అన్నాను.

మా ఆయన ఎలీషా పర్చూరులో బ్యాంకు క్లర్కు. నేను అక్కడే హైస్కూల్లో లెక్కల టీచర్ని. "ఆరాధననే అడగండి, బతికిపోతారు," అని నవ్వాడాయన.

చెప్పాను. పవరు పెరగాలని ఇంజను ట్యూన్ చేయించి ఏడాదైంది. ఇప్పుడు నాలుగో గేరులో యాక్సిలరేటర్ నొక్కితే ఇంజను అరుస్తోంది గానీ బండి లాగట్లేదు. పైగా మాడు వాసన. కంపెనీ ఇచ్చిన క్లచ్ ఆ బలానికి ఆగలేక జారిపోతోందని నాకూ తెలుసు. దాని బదులు ఏది వేయించాలన్నదే తేలలేదు. ఎందుకంటే పోయిన వానాకాలం బడి మెట్ల మీద పడ్డప్పటి నుంచి నా ఎడమ మోకాలు నా మాట వినడం లేదు. డాక్టరు గేర్ల బండే మానేయమన్నాడు. ఒంగోలు నుంచి ఒకాయన కారు కొంటానని రోజూ ఫోను చేస్తున్నాడు, ఆదివారంలోగా తేల్చమన్నాడు. నా కాలు భరించే క్లచ్ దొరక్కపోతే ఆయనకి ఇచ్చేస్తానని ఇంట్లో మాటిచ్చాను. ఇచ్చానే గానీ, తలుచుకుంటే ఏడుపొస్తోంది.

"పవరెంత మేడం?" అన్నాడు గౌస్ బాషా.

"మూడొందల హార్స్ పవర్," అన్నాను ఠక్కున. మా ఆయన గోడ మీద క్యాలెండరు చూడసాగాడు.

గౌస్ బాషా తల గోక్కున్నాడు. మూడొందలకి మామూలు క్లచ్ ప్లేటు ఆగదట. రెండే దారులట. ఒకటి రేసు బళ్ళకి వేసే రకం. పెడల్ తేలికే, కానీ పట్టుకుంటే ఒక్కసారే పట్టేస్తుంది, బండి కప్పలా గెంతుతుంది. రెండోది గట్టి ప్రెషర్ ప్లేటు. మెత్తగానే పట్టుకుంటుంది, పెడల్ మాత్రం బరువు.

"మిరపకాయల సీజను మేడం. మిర్చి యార్డు దగ్గర టిక్కీ బస్తాలేసుకొచ్చిన ట్రాక్టర్ల వెనక గంటసేపు పాకాలి. ఆ గెంతేది వేశామంటే మీరు పోయి బస్తాల్లో దూరతారు," అన్నాడు.

ఆ గట్టి రకం వేసిన బండొకటి షెడ్డులోనే ఉంటే, తోలి చూడమని తాళం ఇచ్చాడు. యార్డు వైపు తిప్పాను. ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. తొక్కాను, వదిలాను, మళ్ళీ తొక్కాను. ఏడోసారికి మోకాల్లో సూది దిగినట్టయింది. పదోసారికి "అమ్మా!" అన్నాను.

షెడ్డుకొచ్చి బల్ల మీద కూలబడ్డాను. "పోనీలెండి, ఒంగోలాయనకి ఇచ్చేద్దాం," అన్నాను.

"ఆ మూడొందలు కొలిపించారా మేడం?" అన్నాడు గౌస్ బాషా.

పర్చూరులో నా గొప్పంతా ఆ మూడొందలే. స్టాఫ్ రూములో చెప్పాను, చర్చిలో పాస్టరు గారికి కూడా చెప్పాను. హైదరాబాదులో డైనో మెషీను మీద పవరు కొలిచిచ్చిన కాగితాన్ని మాత్రం పట్టుచీరల కింద దాచాను. మా బడి పిల్లలెవరైనా ఇలాంటి లెక్క చేస్తే సున్నా వేసి నిలబెడతాను. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ కారు పోతే ఆ సిగ్గేం చేసుకోను?

"రెండొందల ఇరవై ఆరండీ," అన్నాను నేల చూస్తూ.

"యా అల్లా! ముందే చెప్పొచ్చుగా మేడం!" గౌస్ బాషా తొడ చరుచుకున్నాడు. "దానికి ఇంత గట్టిది దేనికి? కంపెనీ దానికి ఒక్క మెట్టు పైది చాలు. ఇప్పుడున్న పెడల్ కంటే కాస్తంత బరువు, అంతే. ఇక్కడికొచ్చే ప్రతివాడూ పవరు పెంచే చెప్తాడు, నేను క్లచ్ కూడా పెంచే వేస్తాను. పాపం, వాళ్ళ కాళ్ళు!"

మా ఆయన వైపు తిరిగాను. "మీకు తెలుసా?"

"ఇస్త్రీ చేయించిన చీరలు బీరువాలో సర్దేది నేనేగా," అన్నాడు.

శనివారం కొత్త క్లచ్ వేసిన కారు తీసుకుని మళ్ళీ అదే బారులో ఇరుక్కున్నాం. మిరప ఘాటుకి ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం. నలభై నిమిషాలు. ఎన్నిసార్లు తొక్కానో లెక్కపెట్టడం మర్చిపోయాను. మోకాలు కిక్కురుమనలేదు. నాకు పట్టరాని సంతోషంగా ఉంది. అప్పుడే ఒంగోలాయన ఫోను. మా ఆయన స్పీకరు ఆన్ చేసి నా దగ్గర పెట్టాడు.

"ఏం చేశారమ్మా? మూడొందల హార్స్ పవర్ బండొస్తోందని మావాళ్ళందరికీ చెప్పేశాను."

"కాదండీ. రెండొందల ఇరవై ఆరే. నేనే ఎక్కువ చేసి చెప్పాను."

"అయినా నాకు పర్లేదమ్మా, తీసుకుంటాను," అన్నాడాయన.

"నాకూ పర్లేదండీ," అన్నాను. "అందుకే ఇవ్వట్లేదు."