కావ్యకంటే ముందు నడిచే నీడ

2025 నవంబరు ఇరవై ఒకటి, శుక్రవారం, పోలి పాడ్యమి. సాయంత్రం నాలుగుంబావుకు పద్మలత పొయ్యి మీద చాయ్ పెట్టి, పొంగుతుందేమోనని చూస్తుండగా కూతురు కావ్య నీడ వంటింట్లోకి వచ్చింది. కావ్య ఇంకా వాకిట్లోనే ఉంది. పద్మలత ఇంకో గ్లాసు కడిగి పెట్టింది.

ఆ పిల్ల నడక నేర్చిన నాటి నుంచీ అంతే. సూర్యుడు ఏ దిక్కున ఉన్నా నీడ మాత్రం ముందు పోయేది, వెనక పిల్ల వచ్చేది. బడిలో నీడ బెంచీ మీద కూర్చోగానే టీచరమ్మ హాజరు వేసేది. పిల్ల ఏం చేయబోతుందో నీడ ముందే చేసి చూపేది గనుక ఇంట్లో వాళ్లకు అదొక సుఖం. నీడ తలుపు గొళ్లెం తీసిందంటే చెప్పులు వెతికి పెట్టేవాళ్లు. తండ్రి తల్లి, బాపమ్మ చిలుకమ్మకైతే దానితో రోజూ పేచీయే. ఎండన పడి తిరగొద్దని కసిరేది. అదీ వినేది కాదు, కావ్యా వినేది కాదు.

ఆ రోజు మాత్రం నీడ ఒక్కచోట నిలవడం లేదు. పొయ్యి దగ్గరికి, పెరటి గుమ్మానికి, మళ్లీ షెడ్డుకు. హన్మకొండలో వాళ్ల ఇంటిని ఆనుకునే కావ్య తండ్రి సుదర్శన్ మెకానిక్ షెడ్డు. అందులో పాత ఎర్ర కారు బానెట్ తెరుచుకుని నిలబడి ఉంది. సుదర్శన్ దానిలోంచి కంపెనీ కంప్యూటరు తీసేసి, బయట దొరికే రేసు కంప్యూటరు, పెద్ద ఇంజెక్టర్లు, కొత్త పెట్రోలు పంపు సొంత చేతులతో బిగించాడు. ఏ సిలిండరుకు ఎప్పుడు ఎంత పెట్రోలు చిమ్మాలో చెప్పేది ఆ కంప్యూటరే. మర్నాడు మధ్యాహ్నం హైదరాబాదు అవతల ఒక రేసు జట్టు కొత్త డ్రైవరును ఎంచుకుంటోంది. ఎవరి కారు వాళ్లే తెచ్చుకోవాలి. వయసు లెక్కన కావ్యకు ఇదే ఆఖరు ఏడు.

కారేమో కాసేపు బుద్ధిగా నడిచి, వేడెక్కి రేడియేటరు ఫ్యాను తిరగ్గానే దగ్గి ఆగిపోతోంది. చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతోంది. సుదర్శన్ రిలే మార్చాడు, కాయిలు మార్చాడు, సెన్సారు తీగలను ప్లగ్గు తీగలకు దూరంగా జరిపి కట్టాడు. ఆగే ముందు కంప్యూటరుకు అందే కరెంటు పడిపోతోందని లాప్‌టాప్ చెబుతోంది. ఎక్కడ పడిపోతోందో చెప్పదు. మీటరు పెట్టి చూస్తే ప్రతి తీగా మంచిదే అంటోంది. దీపాలు పెట్టే వేళలోపు లోపం దొరక్కపోతే కారు గేటు దాటదని ఆయన పగలే తేల్చేశాడు. రఘునాథపల్లి దగ్గర హైవే మీద, వెనక లారీ ఉన్నప్పుడు ఇట్లా ఆగితే గతేమిటి? ఫ్యాను వైరు పీకేసి పోతానంది కావ్య. ఇంజను మాడిపోతుందన్నాడు తండ్రి.

రేసంటే భయపడే పద్మలత మొక్కు మాత్రం వాళ్లిద్దరికీ తెలియదు. తెల్లవారుజామున ఇత్తడి గంగాళంలో అరటి దొప్పల దీపాలు వదులుతూ, తల్లీ, ఈ కారు కదలకుండా చూడమ్మా అని దండం పెట్టుకుంది.

చాయ్ పట్టుకుని షెడ్డులోకి వెళ్లేసరికి తండ్రీకూతుళ్లు కారు వెనక డిక్కీ మీద లాప్‌టాప్ పెట్టుకుని వాదులాడుకుంటున్నారు. కారుకు దిష్టి తగిలిందని షెడ్డు గుమ్మం దగ్గర మంచం మీంచి చిలుకమ్మ తీర్పు చెప్పింది.

"దిష్టికి మీటర్ల రీడింగ్ రాదే అమ్మా," అన్నాడు సుదర్శన్.

అప్పుడు చూసింది పద్మలత. నీడ వాళ్ల దగ్గర లేదు. బానెట్ ముందు వంగి, బ్యాటరీ పక్కకు చేయి పెట్టి, కారు బాడీకి నల్ల తీగను బిగించిన బోల్టు విప్పుతోంది. కావ్య మాత్రం అటు రాలేదు. లాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. నీడ విప్పుతూనే ఉంది, పిల్ల కోసం ఎదురుచూస్తున్నట్టు మళ్లీ మళ్లీ విప్పుతూనే ఉంది.

షెడ్డు రేకుల కింద ఎండ అప్పటికే పసుపెక్కింది. ఇంకొంచెం సేపు నోరు మెదపకుండా ఉంటే పొద్దు దిగిపోతుంది, నీడా పోతుంది, పిల్ల ఇంట్లోనే ఉంటుంది. గ్లాసులు చేతిలో కాలుతున్నాయి. పద్మలత వాటిని కింద పెట్టలేదు.

"ఇటు రాండ్రి," అంది చివరికి. "అది ఈడ బోల్టు విప్పుతాంది."

సుదర్శన్ వచ్చి చూశాడు. "అది ఎర్త్ బోల్టు. పొద్దుగాలనే చూసిన, మంచిగనే ఉంది." అంటూనే ఆగాడు. "ఇంజన్ బంద్ చేసి చూసిన గని, నడిచేటప్పుడు చూడలే."

మీటరు తీగ ఒకటి బ్యాటరీ మైనసుకు, రెండోది బాడీకి ఆనించి స్టార్ట్ చేయమన్నాడు. సున్నా దగ్గర ఉండాల్సిన అంకె, ఫ్యాను తిరగ్గానే ఎగిరి వోల్టు దాటింది. ఇంజను ఆగిపోయింది. ఊరకే ఉన్నప్పుడు ఆ దారి బాగానే కనిపించింది. పంపు, ఫ్యాను, కంప్యూటరు, మూడూ వాడుకున్న కరెంటు ఆ ఒక్క బోల్టు గుండా తిరిగి పోవాలనేసరికి సందు చాలలేదు.

కావ్య పానా తెచ్చి బోల్టు విప్పింది. తీగ కొస కింద ఎండిన పసుపు, దాని చుట్టూ రాగికి పట్టిన పచ్చటి చిలుము.

ఆ ఇంట్లో ఏ కొత్త పని మొదలుపెట్టినా తొలి బోల్టుకు ఇంటి ఆడపిల్ల చేత పసుపు కుంకుమ పెట్టించడం ఆనవాయితీ. చిలుకమ్మ పెనిమిటి బావి మోటారు బిగించిన నాటి నుంచీ వస్తోంది. ఈసారి తొలి బోల్టు ఇదే అయింది.

"నెత్తి మీద పెట్టే బొట్టు కింద పెట్టినవానే?" అంది చిలుకమ్మ.

"తొందరల పెట్టిన బాపమ్మా."

"నీకు తొందర లేనిదెన్నడు?"

సుదర్శన్ గరుకు కాగితంతో రుద్దితే కింద ఇనుము తెల్లగా మెరిసింది. తీగ కొస శుభ్రం చేసి బిగించాడు. కావ్య ఈసారి బోల్టు తల మీద బొట్టు పెట్టింది. దీపాలు పెట్టే వేళకు ఇంజను బాగా వేడెక్కింది, ఫ్యాను తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. కారు దగ్గలేదు.  పొద్దున పిల్ల ఒక్కతే ఉన్నప్పుడు పోవద్దని చివరిసారి చెప్పి చూద్దామనుకుంది పద్మలత.

మర్నాడు పొద్దున కావ్య తలస్నానం చేసి వాకిట్లోకి వచ్చింది. ఎండ బాగానే కాస్తోంది. పిల్లకు ముందు నీడ లేదు, వెనకా లేదు. సుదర్శన్ వంగి కారు కింద కూడా చూశాడు.

"ఏడ దేవులాడుతవ్‌రా," అంది చిలుకమ్మ. "నేను వాకిట్ల సాన్పి జల్లేటప్పుడే పోయింది. గేటు నేనే తీసిన. హైదరాబాద్ తొవ్వ పట్టింది."

అంత దూరం అది ఎన్నడూ ముందు పోలేదు. పోవద్దని చెబుదామనుకున్న పద్మలత గేటు దాకా వెళ్లి రోడ్డు వైపు చూసింది. తర్వాత లోపలికి వెళ్లి పెరుగన్నం డబ్బాలో సర్ది తెచ్చింది. కావ్య ఇంకా తడి జుట్టు దువ్వుకుంటోంది.

"జడ తొవ్వల ఏసుకుందువు గని, జల్ది నడువు బిడ్డా," అంది పద్మలత. "అది ఆడ ఒక్కతే ఉంటది."

సుదర్శన్ పనిముట్ల పెట్టె డిక్కీలో పెట్టాడు. చిలుకమ్మ అడక్కుండానే ముందు సీట్లో కూర్చుంది. పద్మలత ఇంటికి తాళం వేసి వచ్చి, వెనక తలుపు తీసి కారెక్కింది.