ఎర్రబండల కింది ఇసుక

శామీర్‌పేట చెరువు ఎండిందని సంతోషించింది బహుశా నేనొక్కదాన్నే.

నాలుగేళ్ల కిందట నా మొదటి బిడ్డ తొమ్మిదో రోజున పోయింది. పేరు కూడా పెట్టలేదు. అంత చిన్న బిడ్డల్ని మా వాళ్లు పూడుస్తారు, తల్లిని రానివ్వరు. చెరువులో ఎర్రబండల కింద ఇసుకలో పెట్టి వచ్చానని మా ఆయన బాలమల్లు చెప్పాడు. ఆ వానాకాలమే చెరువు పెరిగి ఆ ఇసుక మునిగిపోయింది. కట్ట మీద నిలబడి నీళ్లను చూడటమే తప్ప ఆ చోటు నేను చూడలేదు.

ఈ ఎండాకాలం నీళ్లు తగ్గి, బండల కింద మా వాకిలంత ఇసుక తేలింది. చేపలు లేక ఆయన జీడిమెట్లకు కూలికి పోతున్నాడు. ఆదివారం తీసుకుపొమ్మని అడిగాను.

"ఊరంత చెరువెండెనని ఏడుస్తాంటె గీమె మొఖం జూడు, పెండ్లికి పోతున్నట్టున్నది" అంది మా అత్త సత్తమ్మ. అన్నదే గానీ, సీసాలో పాలు పోసి తనే నా చేతికిచ్చింది. "గీ పాలు ఆడ పొయ్యి. అవ్వ పంపిందని జెప్పు."

రెండో బిడ్డ, రెండేళ్ల హర్షితను చంకనేసుకుని ఆయన వెనకే బండల సందులోంచి కూర్చుని జారుతూ దిగాను. మూడు వైపులా నిలువెత్తు బండలు, పొద్దుటి ఎండకు పగడాల రంగులో ఉన్నాయి. గాలి లేదు. ముందర కాసిన్ని నీళ్లు కదలకుండా ఉన్నాయి.

"యాడ?" అన్నాను.

ఆయన ఒక రాయి దగ్గరికి పోయాడు. కాలితో తట్టి చూసి ఇంకో రాయి దగ్గరికి పోయాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు.

"గుర్తుకు గుండ్రాయి పెట్టిన. నీళ్లకు యాడికి దొర్లిందో."

"సరిగ జూడు. నువ్వే గదా పెట్టినవు."

"నేనే పెట్టిన. నాకే తెలుస్తలేదు, మాధవీ."

కాళ్ల కిందికి చూసుకున్నాను. నేను నిలబడ్డ చోటే అయితే? చెప్పులు విప్పాను. అదీ చాలదనిపించి పక్కనున్న బండ ఎక్కాను. అక్కడి నుంచే వంగి పాలు పోశాను. ఇసుక పీల్చేసుకుంది. హర్షిత దిగుతానని కాళ్లు తన్నుతోంది.

"దించరాదు, ఆడుకుంటది" అన్నాడు.

"తొవ్వుతది. దానికేం తెలుసు."

ఆయన నీళ్ల వైపు తిరిగి కూర్చున్నాడు. "పోరి చేతులకు అందేది గాదు. నడుం లోతు తొవ్విన. అడుగున నీళ్లు ఊరినయి. తువ్వాల ముంచి పిండుకుంట ఎత్తిపోసి, మల్ల తొవ్విన. తడిల పెట్టబుద్ధి గాలే."

నాలుగేళ్లలో ఈ మాట ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు.

"ఏం కప్పినవు?"

"నా పెండ్లి అంగీ."

పెట్టెలో ఆ అంగీ కనబడక ఆ ఏడు ఆయనతో పోట్లాడాను. తాగుడికి అమ్ముకున్నావని పదిమందిలో అన్నాను. ఆయన తల వంచుకుని వల బాగు చేసుకున్నాడు.

బండ దిగి హర్షితను ఇసుక మీద నిలబెట్టాను. అది వెంటనే కూర్చుని గుప్పిళ్లతో ఇసుక తీసి పోసుకుంటోంది. వద్దనలేదు. పక్కనే కూర్చుని, దాని గౌను కొస మాత్రం పట్టుకున్నాను.