మావయ్యను పట్టుకున్న ముళ్ళ పొద

ఊళ్ళో ఇళ్ళన్నీ లేచాక మిగిలిన పాత అడవి ముక్క అది. కప్పులో టీ చల్లారేలోపు చుట్టి రావచ్చు. దాన్ని కనిపెట్టుకుని ఉండటం ఆమె ఉద్యోగం. దాన్ని నడిపే పార్కు సంఘానికి అధ్యక్షుడు ఆమె సొంత మేనమామ.

అడవంటే ఆయనకు అంతా ఇంతా ప్రేమ కాదు. గేటు పక్క పొదలు కొట్టించి "పొదలను కాపాడుదాం" అని బోర్డు పెట్టించాడు. బోర్డు చదివేవాళ్ళ కోసం ఇంకాస్త కొట్టించి కార్లు ఆపే చోటు చేయించాడు. ఇప్పుడు అవగాహన మందిరం కడతానన్నాడు, సరిగ్గా పిట్టలు గూళ్ళు పెట్టే ముళ్ళ పొదల్లో.

"అవి కొట్టేశాక ఇంక దేని మీద అవగాహన మావయ్యా?"

"ఫొటోలు పెడతాం కదమ్మడూ. ఫొటోలో ముళ్ళు గుచ్చుకోవు."

ఆమెకు ఒళ్ళు మండింది. కానీ చిన్నప్పుడు భుజాన మోసిన మనిషి. పైగా ఎదురు చెబితే అమ్మ మూతి ముడుచుకుంటుంది. పళ్ళ బిగువున ఊరుకుంది.

కొలతల రోజు ఇంజనీరూ, పేపరు ఫొటోగ్రాఫరూ వచ్చారు. "పునాది ఎక్కడో నేనే చూపిస్తా" అంటూ మావయ్య పొదలోకి చొరబడ్డాడు. నాలుగడుగులు వేశాడో లేదో, కొక్కేల్లాంటి ముళ్ళు చొక్కా వీపును పట్టేశాయి. ముందుకు గుంజుకుంటే ప్యాంటు చిక్కుకుంది. వెనక్కి తిరగబోతే విగ్గు ఊడి కొమ్మకు వేలాడింది. అది విగ్గన్న సంగతి అత్తయ్యకు తప్ప అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

"కత్తిరించరా" అన్నాడు తోటమాలితో.

తోటమాలి కత్తెర ఎత్తి, మళ్ళీ దించాడు. "కొమ్మ కోస్తే ఉద్యోగం ఊడుతుందన్నారు కదండీ."

"అది జనానికి రా, నాకు కాదు."

ఆమె దగ్గరికి వెళ్ళింది. నవ్వు ఆపుకోవడమే గండంగా ఉంది.

"మావయ్యా, మందిరం కార్లు ఆపే చోట కడదామా?"

"బెదిరిస్తున్నావా?"

"అడుగుతున్నా."

ఫొటోగ్రాఫరు కెమెరా సర్దుకుంటూ ముందుకొచ్చాడు. మావయ్య ముందు విగ్గు వైపు, తర్వాత కెమెరా వైపు చూశాడు.

"సరే, అక్కడే ఏడవండి."

ముందు కొమ్మ మీది విగ్గు తీసి ఆయన నెత్తిన పెట్టింది. తర్వాత ఒక్క కొమ్మా విరగకుండా ముళ్ళు ఒక్కొక్కటే విడిపించింది. ఆయన మెడ మీద గీతలు చూసి మనసు చివుక్కుమంది. మందు రాస్తుంటే ఆయన పసివాడిలా కళ్ళు మూసుకున్నాడు.

మర్నాడు పేపర్లో, విగ్గు పెట్టాక పొదలో తీసిన ఫొటో కింద, "అడవిని హత్తుకున్న అధ్యక్షుడు" అని వేశారు. మావయ్య ఆ పేపరు బంధువులందరికీ పంచాడు.

మందిరం లేచింది. జనం వస్తున్నారు, చల్లటి గదిలో కాసేపు కూర్చుని అటునుంచి అటే పోతున్నారు. పిట్టలకు అదే మేలు. అయినా ఒక్కరైనా దారి తప్పి పొదల వైపు వస్తే బాగుండునని ఆమె చూస్తూ ఉంటుంది.